మూడు ఒత్తుల కోసం ఒక్క మాట మార్చాను

ఆ రోజుల్లో నేను మహా ధైర్యవంతురాలినని రాసుకోవాలని ఉంది గానీ, అమెరికాలో నోవై అనే ఊళ్ళో ఆ చలికాలం నాతో పాటు గడిపినవాళ్ళు ఇంకా నిక్షేపంగా ఉన్నారు, చదివితే పడీపడీ నవ్వుతారు. ఉన్న మాట చెప్పాలంటే ఇరవై ఐదేళ్ళ వయసులో నాకు అన్నీ భయాలే. మంచు మీద కారు జారుతుందని భయం. ఫ్రీవే మీద పక్క లేన్‌లోకి ట్రక్కు వస్తే భయం. ఆఫీసులో మేనేజరు "గాట్ ఎ మినిట్?" అంటే వీసా సంగతేమోనని భయం (ఆయనకి కావలసింది చాలాసార్లు నా బల్ల మీది స్టేప్లరు). కారు సీట్లను వెచ్చబరిచే పరికరాలు తయారుచేసే చిన్న కంపెనీ మాది. ఆ పరికరాలను పరీక్షించే ప్రోగ్రాములు రాయడం నా పని. మీటింగుల్లో నా నోటి నుంచి "యెస్", "ష్యూర్", "నో ప్రాబ్లమ్" తప్ప నాలుగో మాట వచ్చేది కాదు. అలాగని నాకు అభిప్రాయాలు లేవనుకోకండి. బోలెడన్ని ఉండేవి. అన్నీ గట్టివే, అన్నీ కరెక్టేనని నా నమ్మకం. వారమంతా మింగిపెట్టుకున్న ఆ అభిప్రాయాలన్నిటినీ ఆదివారం పొద్దున్నే కార్లో వేసుకుని, వెనకవాళ్ళు హారన్ కొడుతున్నా పట్టించుకోకుండా మెల్లగా డ్రైవ్ చేసుకుంటూ డాక్టరమ్మ గారి బేస్‌మెంటుకి మోసుకెళ్ళేదాన్ని.

డాక్టరమ్మ గారు గుంటూరు నుంచి డెబ్భైల్లో వచ్చి, మిషిగన్‌లో ముప్ఫై ఏళ్ళు పిల్లలకి సూదులు వేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక కూడా పిల్లల్ని భయపెట్టే అలవాటు మానలేక (ఇది ఆవిడ భర్త మాట, నాది కాదు) ఇంటి బేస్‌మెంటులో ఆదివారం తెలుగు బడి పెట్టారు. ఇరవై రెండు మంది పిల్లలు. చదువు చెప్పేవాళ్ళం ఆవిడా, నేనూ. బడి అయ్యాక నాకు ముద్దపప్పు, ఆవకాయ, "ఇంకాస్త వేసుకో, ఎండు చేపలా ఉన్నావు" అన్న కసురూ దొరికేవి. ఇల్లు వదిలి వచ్చాక నన్ను కసిరే మనిషి ఆవిడ ఒక్కరే. అందుకే ఏ ఆదివారమూ మానేదాన్ని కాదు.

ఆవిడ భర్త తెనాలి మనిషి, కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసి రిటైరయ్యారు. పిల్లలంతా ఆయన్ని "బ్రేకుల అంకుల్" అనేవాళ్ళు. నేను వరంగల్ నుంచి వచ్చానని మొదటి రోజు చెప్పానో లేదో, ఇక ఆయన నన్ను పేరు పెట్టి పిలిస్తే ఒట్టు. "ఏం వరంగల్, టీ తాగుతావా?" అనేవారు. రిటైరయ్యాక దిండంత పుస్తకం ఒకటి ముందేసుకుని లినక్స్ నేర్చుకున్నారు. ఎవరో ఆఫీసు మూసేస్తూ వదిలించుకున్న నాలుగు కంప్యూటర్లు తెచ్చి, తుడిచి, వాటిలో లినక్స్ ఎక్కించి, బేస్‌మెంటులో వరసగా పెట్టారు. డాక్టరమ్మ గారు కీబోర్డుల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించారు. అంకుల్ మానిటర్ల నుదుట తెల్ల టేపు అంటించి నల్ల మార్కర్‌తో ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాశారు: స్టేబుల్. ముట్టుకోవద్దు.

ఈ స్టేబుల్ ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. లినక్స్‌లో ప్రోగ్రాములన్నీ ఇంటర్నెట్‌లో ఒక పెద్ద గిడ్డంగిలో ఉంటాయి. మన కంప్యూటరే అక్కడికి వెళ్ళి కావలసినవి తెచ్చుకుంటుంది. ఆ గిడ్డంగిలో మూడు గదులు. స్టేబుల్ అనే గదిలో బాగా వాడి, గీకి, తోమి చూసిన పాత సరుకు ఉంటుంది. టెస్టింగ్ అనే గదిలో కొంచెం కొత్తది, ఇంకా పరీక్ష నడుస్తున్నది. అన్‌స్టేబుల్ అనే గదిలో ఆ పొద్దున దిగిన సరుకు, దాని జాతకం దానికే తెలియదు. మన కంప్యూటరు ఏ గదికి వెళ్ళాలన్నది ఒక చిన్న ఫైల్లో ఒకే ఒక్క మాటగా రాసి ఉంటుంది. ఆ మాట మారిస్తే గది మారుతుంది. మా బేస్‌మెంటులో ఆ మాట స్టేబుల్. అందులోని సరుకు అప్పటికి మూడేళ్ళ నాటిది. దాని మీద అంకుల్‌కి ఉన్న నమ్మకం చూస్తే డాక్టరమ్మ గారికి కూడా అసూయ కలిగేదేమో.

నాకు మొదట్లో ఆ సంగతి పట్టలేదు. పట్టేలా చేసింది తొమ్మిదేళ్ళ పిల్ల. (ఈ జ్ఞాపకంలో ఎవరి అసలు పేర్లూ చెప్పకూడదనుకున్నాను గానీ ఈ పిల్ల పేరు చెప్పకపోతే అసలు కథే లేదు.) ఉగాదికి పిల్లలు సొంతంగా రాసినవన్నీ కలిపి ఒక చిన్న పుస్తకం వేయాలని డాక్టరమ్మ గారు సంకల్పించారు. ఎవరిది వాళ్ళే టైప్ చేయాలి, కింద తమ పేరు తామే తెలుగులో కొట్టాలి. రాతల్లో అక్కడక్కడా ఒత్తు ఊడినా ఎవరూ పట్టించుకోలేదు, పేరు మాత్రం అందరూ కొట్టారు. తెర మీదకి రవి వచ్చాడు, మీనా వచ్చింది, గోపీ వచ్చాడు. ఈ పిల్ల ఒక్కతే తెర వైపు చూస్తూ కూర్చుంది. దాని పేరు జ్యోత్స్న. తెర మీద మాత్రం ఒత్తులన్నీ ఊడిపోయి, జ్ ఒక చోట, యో ఇంకో చోట, త్, స్, న ఎవరి దారిన వాళ్ళు, బస్సు దిగిన పెళ్ళివారిలా నిలబడి ఉన్నారు.

"ఆంటీ, ఇది నా నేమ్ కాదు," అంది. (ఇరవై ఐదేళ్ళకే ఆంటీనయ్యాను, అది వేరే బాధ.)

"నీ నేమే అమ్మా. కంప్యూటర్‌కి రాయడం సరిగ్గా రాదు," అన్నాను.

"స్కూల్‌లో టీచర్‌కి చెప్పడం రాదు. ఇక్కడ కంప్యూటర్‌కి రాయడం రాదు." కాసేపు ఆలోచించి, అన్నీ చెరిపేసి, రెండు మీటలు నొక్కింది. తెర మీద "జో" అని వచ్చింది. చక్కగా, గుండ్రంగా, ఒక్క తప్పు లేకుండా. "స్కూల్‌లో అందరూ జో అంటారు. ఇక్కడ కూడా అదే పెట్టేస్తా. ఇట్స్ ఈజీయర్," అని లేచి ఆడుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆ పిల్లకి ఏడుపు రాలేదు. నాకే వచ్చింది. ఏడుపు అని అప్పుడు ఒప్పుకోలేదు, కోపం అనుకున్నాను. ఆఫీసులో నా పేరు పలకలేక రెండక్షరాలకి కత్తిరించినప్పుడు నేను కూడా "నో ప్రాబ్లమ్" అనే అన్నాను. తెలుగు నేర్పే బడిలో, తెలుగు కంప్యూటర్ ముందు, తెలుగు పిల్ల తన పేరు కత్తిరించుకుంటే మాత్రం నో ప్రాబ్లమ్ అనడం నా వల్ల కాలేదు. టెస్టింగ్ గదిలో ఉన్న కొత్త సరుకుతో తెలుగు ఒత్తులు సరిగ్గా వస్తున్నాయని అంతకు ముందే ఎక్కడో చదివాను. నేరుగా మెట్లెక్కి, వంటింట్లో కూర తరుగుతున్న బ్రేకుల అంకుల్ ముందు నిలబడ్డాను.

"అంకుల్, మనం టెస్టింగ్‌కి మారాలి."

కత్తి ఆగింది. "ఎందుకు?"

చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు, అదే నాకు ఇంకా మండింది. విని, "ఇంకో ఆరు నెలల్లో కొత్త స్టేబుల్ వస్తుందంట. అందులో ఒత్తులూ వస్తాయి, దీర్ఘాలూ వస్తాయి. అప్పటిదాకా ఆగుదాం," అన్నారు.

"పోయినేడు కూడా ఆరు నెలలే అన్నరట కదా అంకుల్?"

"అన్నారు. రెడీ అవ్వలేదు కాబట్టి ఇవ్వలేదు. రెడీ కానిది ఇవ్వకపోవడమే మంచి ఇంజనీరింగ్. నేను టెస్టింగ్‌లో ఉన్న బ్రేకు రోడ్డు మీదకి పంపితే ఏమయ్యేదో తెలుసా?"

"ఇది బ్రేకు కాదు గదా. ఒత్తు ఊడితే ఎవరూ చావరు!"

"అదే నేనూ చెప్పేది. ఎవరూ చావనప్పుడు తొందరేముంది, వరంగల్?"

నా వాదనతోనే నన్ను కొట్టారు. పొయ్యి దగ్గరున్న డాక్టరమ్మ గారి వైపు చూశాను. ఆవిడ పోపు వేస్తూ వెనక్కి తిరగకుండానే, "మీరిద్దరూ ఎన్నాళ్ళయినా పోట్లాడుకోండి. నాకు ఉగాదికి పుస్తకం కావాలి," అని తీర్పు చెప్పేశారు. పోనీ తెలుగు అక్షరాలు కూర్చే ఒక్క ప్రోగ్రామునే కొత్తది తెచ్చుకుందామని కూడా అడిగి చూశాను. అలా కుదరదన్నారు అంకుల్. అది ఒంటరిగా రాదు, ఇంటి పేరు ఒకటే అయిన వాళ్ళందరినీ వెంటబెట్టుకుని వస్తుంది, వాళ్ళొస్తే పాతవాళ్ళతో పడదు. అది నిజమని నాకూ తెలుసు. తెలిసినా ఆ రోజు పప్పు రెండోసారి వేసుకోకుండా లేచి వచ్చేశాను. అంతకన్నా పెద్ద నిరసన నాకు చేతకాలేదు.

రెండు వారాల తర్వాత నాకు అవకాశం దొరికింది. (అవకాశం అని నేనంటున్నాను. అంకుల్ దాన్ని ఇప్పటికీ ద్రోహం అంటారు.) జార్జియాలో కమ్మింగ్‌లో ఉన్న కూతురింటికి దంపతులిద్దరూ వారం రోజులకి బయల్దేరారు. వెళుతూ ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టారు. బేస్‌మెంటులో ట్యూబులైటు కింద డాక్టరమ్మ గారు ప్రాణంలా పెంచుకుంటున్న కరివేపాకు మొక్కకి నీళ్ళు పోయడం నా బాధ్యత. కంప్యూటర్ల పాస్‌వర్డు నాకు ఎలాగూ తెలుసు, ఒకసారి ప్రింటరు మొరాయించినప్పుడు అంకులే చెప్పారు. నమ్మి తాళం ఇచ్చినవాళ్ళ ఇంట్లో వాళ్ళు వద్దన్న పని చేయడం తప్పు. అది నాకు అప్పుడూ తెలుసు. ఆ శనివారం పొద్దున పది గంటలకి కరివేపాకుకి నీళ్ళు పోసి, మొదటి కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ చిన్న ఫైలు తెరిచి, స్టేబుల్ అన్న మాట చెరిపి టెస్టింగ్ అని కొట్టేటప్పుడు నా చేతులు వణకలేదు. ఫ్రీవే మీద వణికే చేతులు ఇవేనా అని నాకే ఆశ్చర్యం వేసింది.

కంప్యూటరు ఒక పొడుగాటి జాబితా చూపించి, ఇవన్నీ మార్చమంటావా అని అడిగింది. జాబితా నాలుగు తెరల నిండా ఉంది. చదవలేదు. సరే అన్నాను. అది మధ్యాహ్నం దాకా దింపుకుంది, తర్వాత విప్పడం మొదలుపెట్టింది, సగంలో ఏదో అరిచి ఆగిపోయింది. నేను ఆపి మళ్ళీ స్టార్ట్ చేశాను. తెర నల్లగా వచ్చింది. మౌస్ లేదు, బొమ్మలు లేవు, నల్ల తెర మీద తెల్లగా ఒక గీత మాత్రం టిక్కుటిక్కుమంటోంది.

బుద్ధున్నవాళ్ళయితే అక్కడ ఆగుతారు. నేను మాత్రం, ఇది ఈ కంప్యూటర్ లోపం గానీ నా లోపం కాదని తేల్చుకుని, రెండో దాని మీద కూర్చున్నాను. అది కూడా అక్కడే ఆగింది, అలాగే నల్లబడింది. అయినా నా తప్పేమీ లేదని రుజువు చేయాలి కదా, మూడోది మొదలుపెట్టాను. సాయంత్రానికి మూడు నల్ల తెరలు, నాలుగో దాని మీద పాత స్టేబుల్, పక్కన కరివేపాకు. అప్పుడు గుర్తొచ్చింది, ఇరవై రెండు మంది పిల్లలు నాలుగు నెలలుగా టైప్ చేసినదంతా ఆ మొదటి కంప్యూటర్లో ఉందనీ, ఇంకెక్కడా కాపీ లేదనీ.

సరిగ్గా అప్పుడే పైన ఫోను మోగింది. కమ్మింగ్ నుంచి.

"ఏం వరంగల్, కరివేపాకు ఎలా ఉంది?"

"బాగుంది అంకుల్."

"కంప్యూటర్లు?"

"మీరు వచ్చినంక మాట్లాడుదాం అంకుల్."

వెంటనే డాక్టరమ్మ గారు ఫోన్ లాక్కున్నట్టున్నారు. "గొంతు అదోలా ఉందేంటే? జలుబా? మిరియాల చారు పెట్టుకుని తాగు," అన్నారు. అలాగేనండీ అన్నాను. ఆవిడకి అబద్ధం చెప్పినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. కంప్యూటర్లు మార్చినందుకు కాదు, అది వేరు.

మర్నాడు ఆదివారం, వాళ్ళు ఊళ్ళో లేరు గనక బడికి సెలవు, పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. వాళ్ళు తిరిగొచ్చేది బుధవారం, అంతలోపల బాగుచేసేస్తానని ధీమా. కానీ బుధవారం పెద్ద మంచు తుఫాను వస్తుందని వార్తల్లో చెప్పడంతో, వాళ్ళు టికెట్లు మార్చుకుని ఆదివారం మధ్యాహ్నానికే దిగిపోయారు. గరాజు తలుపు చప్పుడు వినపడింది, మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడింది. నేను మూడు నల్ల తెరల మధ్య నేల మీద కూర్చుని ఉన్నాను. బ్రేకుల అంకుల్ కోటు కూడా విప్పకుండా చివరి మెట్టు మీద నిలబడి, ఒక్కొక్క మానిటర్నీ చూశారు. తర్వాత వాటి మీది టేపు చూశారు. తర్వాత నన్ను.

"అది చదవలేదా నువ్వు?"

నాకు భయం వేసి ఉండాలి. మేనేజరు ముందయితే ఈపాటికి మూడుసార్లు సారీ చెప్పేదాన్ని. కానీ ఏమైందో ఏమో, కోపం వస్తే నా భాష తిన్నగా వరంగల్ వెళ్ళిపోతుంది. "చదివిన అంకుల్. చదివే మార్చిన. నేనే మార్చిన. మీరు లేనప్పుడు చేసినందుకు తిట్టుర్రి, పడ్త. మార్చినందుకు మాత్రం సారీ చెప్ప. ఆ పిల్ల తన పేరు తనే కోసుకున్నది. ఆర్నెల్లు ఆగితే దానికి ఆ జో అలవాటైపోతది. తర్వాత మీ స్టేబుల్ వచ్చి ఏం లాభం?"

ఇంత మాట్లాడతానని నాకే తెలియదు. డాక్టరమ్మ గారు మెట్ల మీదే ఆగిపోయారు. అంకుల్ మొహం ఎర్రబడింది. "పిల్లల రాతలెక్కడున్నాయి?" అన్నారు.

"మొదటి దాంట్లో."

"కాపీ?"

అంత వీరావేశంగా మాట్లాడినదాన్ని, లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. డాక్టరమ్మ గారు మాత్రం ఒక్క మాట అన్నారు. "నాలుగు నెలలు, అమ్మాయ్." తిట్టలేదు. తిడితే బాగుండేది.

"పోనీ, బాగు కాకపోతే పాత స్టేబుల్‌కే వెనక్కి తెస్తాను," అన్నాను, గొంతు తగ్గించి.

"వెనక్కి రాదమ్మా ఇది. నా లినక్స్ పుస్తకంలో ఆరో చాప్టరులోనే ఉంది. ముందుకు ఎక్కడమే గానీ వెనక్కి దిగడానికి మెట్లుండవు." ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించి, కళ్ళజోడు పెట్టుకుని, నా పక్కన కుర్చీ లాక్కున్నారు. "లే. నువ్వు నేల మీద కూర్చుంటే నాకు కనపడదు. అది ఏమంటోందో చదువు."

ఆ నల్ల తెర మీదే, నిన్న అది రాసిపెట్టుకున్న చిట్టా తెరిచి, చివర్లో వచ్చిన తప్పుల వరసంతా చదివాను. నిన్నటి నుంచీ అదే చదువుతున్నాను, ఆ చివరి వరస గురించే వెతుకుతున్నాను. ఆయన చెయ్యెత్తి ఆపేశారు. "చివరి తప్పు ఎప్పుడూ చదవకు. కారు గోడకి గుద్దింది అన్నది చివరి తప్పు. మొదట ఏం తెగిందో చూడు. పైకి వెళ్ళు. ఇంకా పైకి."

పైకి వెళ్ళాం. నూట యాభై వరసల పైన, గోడవారగా నిలబడ్డ మొహమాటస్తుడిలా, చిన్న వరస ఒకటి ఉంది. డిస్కులో చోటు లేదు. అంతే. అవి పాత కంప్యూటర్లు, వాటి డిస్కులు చిన్నవి. నేను గిడ్డంగిలోంచి ఒకేసారి లారీడు సరుకు దింపాను. పెట్టడానికి చోటు లేక, విప్పుతూ విప్పుతూ సగంలో ఆగిపోయింది. టెస్టింగ్ తప్పు కాదు, స్టేబుల్ తప్పు కాదు. చూసుకోకుండా సరే అన్న మనిషి తప్పు. ఆ మనిషి ఎవరో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. ఆయన గొంతు సవరించుకున్నారంతే. ఆ గొంతు సవరింపు కంటే తిట్టు నయం.

అక్కర్లేనివి తీసేసి చోటు చేశాం. ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టమన్నాం. అది విప్పుతున్నంతసేపూ డాక్టరమ్మ గారు మెట్ల మీదే కూర్చున్నారు, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఆస్పత్రి వరండాలో చుట్టాల్లా. గంట పైన పట్టింది. తెర వెలిగింది. పిల్లల ఫైళ్ళున్న ఫోల్డరు తెరిచాను. ఒకటి, రెండు, మూడు అంటూ ఆవిడ నా భుజం మీదుగా లెక్కపెట్టి, ఇరవై రెండు రాగానే, "అన్నం తిని పనిచేసుకోండి ఇద్దరూ," అని పైకి వెళ్ళిపోయారు. నేను ఖాళీ పేజీ తెరిచి, ఆ పేరు కొట్టాను. జ్యోత్స్న. జ కింద య ఒత్తు ఒదిగింది. త కింద స, దాని కింద న, మూడూ ఎక్కడుండాలో అక్కడ కూర్చున్నాయి.

అంకుల్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. "ఊఁ," అన్నారు. తర్వాత, "తాళంచెవి ఇలా ఇవ్వు," అన్నారు.

ఇచ్చేశాను. చెయ్యి చాచినప్పుడు ఆయన నా మొహం చూడలేదు, నేనూ ఆయన మొహం చూడలేదు. మిగతా రెండు కంప్యూటర్లు కూడా ఇద్దరం కలిసే లేపాం, కానీ అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం. నాలుగో దాని దగ్గరికి నన్ను రానివ్వలేదు. "ఇది స్టేబుల్‌గానే ఉంటుంది. ఇది నాది," అన్నారు. "ఉంచుకోండి," అన్నాను.

ఆ తర్వాతి ఆదివారం జ్యోత్స్న వచ్చి కూర్చుంది. నేను ఏమీ చెప్పకుండా పేరు కొట్టమన్నాను. జో అని కొట్టబోతుంటే "పూర్తిది," అన్నాను. విసుక్కుంటూ కొట్టింది. కొట్టి, ముందుకి వంగి, తెర మీద వేలు పెట్టి కిందికి దించుకుంటూ చూసింది. "వావ్. నా నేమ్ కిందికి కూడా ఉంది!" అంది. "ఇదొక ఒత్తు, ఇదొకటి, ఇదొకటి. త్రీ! ఆంటీ, మీ నేమ్‌లో ఎన్ని ఒత్తులు?" ఒక్కటీ లేదు. చెప్పాను. అది నా వైపు నిజంగా జాలిగా చూసింది. ఆ పూట బడిలో ఉన్న ప్రతి పిల్ల దగ్గరికీ, పిల్లాడి దగ్గరికీ వెళ్ళి ఎవరికెన్ని ఒత్తులున్నాయో విచారించి, అందరికంటే తనకే ఎక్కువని ప్రకటించుకుంది. బ్రేకుల అంకుల్ అది చూశారు. చూసి, టీ పెట్టడానికి వెళ్ళారు. తెచ్చినప్పుడు రెండు కప్పులు తెచ్చారు.

ఇంతటితో నేను గెలిచినట్టే రాసి ముగించవచ్చు. కానీ టెస్టింగ్ అన్నది ఒక చోట నిలబడే రకం కాదు, రోజూ ఏదో కొత్తది వచ్చి చేరుతూనే ఉంటుంది. పుస్తకం ప్రింట్ చేయాల్సిన రోజుకి ముందు రోజు, ఉగాదికి రెండు రోజులుందనగా, కొత్తవి ఏమొచ్చాయో చూద్దామని నాకు దురద పుట్టింది. ఎవరూ అడగలేదు. అవసరమూ లేదు. అప్‌డేట్ నొక్కాను. ఈసారి డిస్కులో చోటు చూసుకునే నొక్కాను, జాబితా చదివే నొక్కాను. అంతా బ్రహ్మాండంగా జరిగింది, ప్రింటరు తప్ప. మూడు కంప్యూటర్లకీ ప్రింటరు అంటే ఏమిటో హఠాత్తుగా తెలియకుండా పోయింది.

డాక్టరమ్మ గారు నడుము మీద చెయ్యి పెట్టుకుని మా ఇద్దరినీ చూశారు. "ఒకదానికి ఒత్తులు రావు. ఇంకోదానికి ప్రింటు రాదు. ఇద్దరు ఇంజనీర్లు, నాలుగు కంప్యూటర్లు. నేను చేత్తో రాసుకుంటే పోయినేడే అయిపోయేది!"

అంకుల్ నా వైపు తిరిగారు. ఇప్పుడు అంటారు, చెప్పానా అని అంటారు, అననీ, నేనూ అంటాను అని సిద్ధంగా ఉన్నాను. ఆయన మాత్రం గడ్డం గోక్కుంటూ, "నీ దాంట్లో పేజీని బొమ్మలాగా సేవ్ చేయొచ్చా? అక్షరాలు ఎలా కనపడుతున్నాయో అలాగే?" అని అడిగారు.

"చేయొచ్చు."

"చేసి ఫ్లాపీ డిస్కులో పెట్టు. నా దాంట్లో ప్రింట్ చేద్దాం. అక్షరాలు కూర్చే పని దానికి ఉండదు, బొమ్మ బొమ్మలాగే అచ్చేస్తుంది."

అలా నా కంప్యూటర్లో పేజీలు తయారై, ఫ్లాపీల్లో ఆరడుగుల దూరం ప్రయాణం చేసి, ఆయన మూడేళ్ళ నాటి స్టేబుల్ మీద అచ్చయ్యాయి. బొమ్మ పెద్దది, ఫ్లాపీ చిన్నది, అందుకని పేజీకో ఫ్లాపీ. నేను అందించడం, ఆయన దూర్చడం. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రం పట్టింది. ప్రింటరు ఒక్కసారి కూడా ఆగలేదు. "చూశావా?" అన్నారాయన. "మీరూ చూసిన్రా?" అన్నాను నేను, పేజీలోని ఒత్తుల మీద వేలు పెట్టి. ఇద్దరం చూశాం. ఇద్దరం ఒప్పుకోలేదు. ఉగాది రోజున బయట ఇంకా మోకాలి లోతు మంచు ఉండగా, బేస్‌మెంటులో పిల్లలు తమ రాతలు చదివారు. ఆ పిల్ల స్టేజీ (అంటే కార్పెట్టు మీద పరిచిన దుప్పటి) ఎక్కి, రాసింది చదవడం కంటే ముందు, "నా పేరు జ్యోత్స్న, ఇందులో మూడు ఒత్తులున్నాయి," అని చెప్పి కూర్చోబోయింది. రాసింది కూడా చదవమని డాక్టరమ్మ గారు గుర్తుచేయాల్సి వచ్చింది.

ఆ రోజు ఇంటికి బయల్దేరుతూ కోటు జేబులో చెయ్యి పెడితే తాళంచెవి తగిలింది. ఎవరు వేశారో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

కొన్ని నెలల తర్వాత, ఎండాకాలంలో, కొత్త స్టేబుల్ నిజంగానే వచ్చింది. అందులో తెలుగు చక్కగా వచ్చింది, ప్రింటరు పనిచేసింది. అంకుల్ నాకు ఒక్క లైను ఈమెయిల్ పంపారు: ఆగి ఉంటే సరిపోయేది కదా. నేను వెంటనే జవాబిచ్చాను: ఆగి ఉంటే ఉగాది అయిపోయేది కదా. ఆ తర్వాత చాలా ఏళ్ళు, నేను వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయాక కూడా, ఫోన్ చేసినప్పుడల్లా ఎవరిది కరెక్టో తేలలేదు. నేను చెప్పకుండా మార్చడం తప్పు. నాలుగు నెలల పని కాపీ లేకుండా ఉండగా చేయడం ఇంకా పెద్ద తప్పు. ఇవి రెండూ ఒప్పేసుకున్నాను, ఎప్పుడో. ఆ మాట మార్చడం మాత్రం తప్పు కాదు. ఇప్పటికీ అదే అంటాను.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. ఎవరైనా కొత్తది వేద్దామంటే, ఎందుకు, ఉన్నది పనిచేస్తోందిగా అనే మనిషినయ్యాను. మొన్న నా ఫోను, కొత్త వెర్షన్ వచ్చింది, వేసుకుంటావా అని అడిగింది. తర్వాత, అని నొక్కాను. మర్నాడూ అడిగింది. తర్వాత. పదిహేను రోజులుగా అది అడుగుతూనే ఉంది, నేను తర్వాత అంటూనే ఉన్నాను. నిన్న అలా నొక్కబోతూ, నేల మీద కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుని, సారీ చెప్పనని ఒక పెద్దాయన మీద గొంతెత్తిన ఆ ఇరవై ఐదేళ్ళ అమ్మాయి ఇప్పుడు నన్ను చూస్తే ఏమంటుందోనని ఆలోచించాను. మంచి మాటలైతే అనదు. ఆమెకి నా ఇంటి తాళం ఇవ్వమంటే నేనూ ఇవ్వను. అయినా ఆమె ఎదురుపడితే టీ ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ మొండితనాన్ని కాసేపు తనివితీరా చూడాలని ఉంది. ఫోను ఇంకా అడుగుతోంది. వేసుకుంటాను, ఈ ఆదివారం. ముందు కాపీ తీసుకుని.